పైనోళ్ళు లేని వీధి

మా ఇంటికీ వదిన ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. ఛాతీ ఎత్తు ఉంటుంది. దాని మీద ఒక నాపరాయి పరిచి ఉంటుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ రాయి ఎందుకని మా అత్తను అడిగితే, "గిన్నెలు పెట్టుకోనీకి" అంది. నిజంగానే అది గిన్నెల రాయి. పొద్దున బొరుగుల ఉగ్గాని అటు వెళితే సాయంత్రం పుండికూర పప్పు ఇటు వచ్చేది. గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదని మా ఇద్దరికీ పట్టింపు. ఇంట్లో ఏమీ లేకపోతే పిడికెడు శెనక్కాయలన్నా వేసి పంపేవాళ్ళం. అట్లా తిరిగి తిరిగి ఏ గిన్నె ఎవరిదో ఇద్దరమూ ఎప్పుడో మరిచిపోయాం.

వదిన అంటే మా అన్న భార్య కాదు, పక్కింటామె. వయసులో నాకంటే బాగా పెద్ద. నేను ఈ ఊరికి వచ్చిన రోజు, కొత్తకోడలినని సిగ్గుతో వాకిట్లో నిలబడి ఉంటే, "ఏమ్మే, ఆకలయితాందా?" అని అడిగిన మొదటి మనిషి. ఊరు కోడుమూరు నుంచి లోపలికి ఉంటుంది. బస్సు చెయ్యెత్తితే ఆగుతుంది, డ్రైవరు మనసు బాగాలేకపోతే ఆగదు. వాన కూడా మా ఊరితో అట్లాగే ఉంటుంది. కొన్నేళ్ళ కింద మా ఆయన పోయాడు. ఒక్కగానొక్క కూతుర్ని కల్లూరుకు ఇచ్చాను. అప్పటినుంచి నాకు తోడు ఒక కుట్టుమిషను, ఆ గోడ, గోడకు అవతల వదిన.

మా వీధి చివర ఒక కొళాయి ఉంది. దినం విడిచి దినం నీళ్ళు వదులుతారు. ఎప్పుడు వదులుతారో వదిలేవాడికి కూడా తెలియదు కనుక, వీధిలోని ఆడవాళ్ళమంతా బిందెలు వరుసలో పెట్టి అక్కడే కూర్చునేవాళ్ళం. నీళ్ళ కోసం కాచుకునే ఆ పొద్దంతా మాకు వదినే సినిమా, వదినే రేడియో. ఆమె తిట్టడం మొదలుపెడితే చేతిలో పని ఆగిపోయేది.

"ఈ పైపు ఏసిన ఇంజనీరు పెండ్లాన్ని ఒక్క వారం ఈడ పెట్టండప్పా. మా బిందె ఆయమ్మ నెత్తిన పెట్టండి. వారం తిరక్కముందే తుంగభద్ర నీళ్ళు మొగుని చేత మోయిస్తాది" అనేది. ఇంకో రోజు, "ఓట్లడగనీకి వచ్చినప్పుడు వాళ్ళకు తాగనీకి నీళ్ళిచ్చినాం సూడు, ఆ తప్పు మనది. ఉప్పు నీళ్ళే పోసింటే నాలుక మీద గుర్తుండేది" అనేది. నేను పక్కన కూర్చుని ఎగదోసేదాన్ని. "మరి మంత్రుల సంగతేంది వదినా?" అంటే మంత్రుల దాకా వెళ్ళేది. మోటారు వేసేవాడి దగ్గర మొదలై ఢిల్లీ దాకా అందరికీ మేం పెట్టిన పేరు ఒక్కటే: పైనోళ్ళు. పైనోళ్ళు ఇయ్యల్యా. పైనోళ్ళు పట్టించుకోరు. పైనోళ్ళకు కండ్లు కనపడవు. ఆ పైనోళ్ళు ఎవరని మాలో ఎవరమూ ఎప్పుడూ అడగలేదు. నీళ్ళు రాకపోయినా ఆ తిట్లతో మా కడుపు నిండేది, నవ్వి నవ్వి ఇళ్ళకు వెళ్ళేవాళ్ళం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ తర్వాత నేను పోగొట్టుకున్నది ఇదే.

పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు మా ఊరి సర్పంచి పదవి ఆడవాళ్ళకు రిజర్వు అయింది. ఊళ్ళో పెద్ద ఇళ్ళు రెండు. ఒక ఇంటి కోడలు నిలబడితే రెండో ఇంటివాళ్ళు ఒప్పుకోరు, ఆ ఇంటి కోడలు నిలబడితే వీళ్ళు ఒప్పుకోరు. పంచాయితీ మీద పంచాయితీ జరిగి, చివరకు ఎవరికీ కాని మనిషి కావాలని తేల్చారు. నాకు మొగుడు లేడు, కొడుకు లేడు, దాయాదులు లేరు, ఎవరికీ బాకీ లేను. నా వెనక ఎవరూ లేకపోవడం ఆ రోజు నాకు అర్హత అయింది. ఒక ఇంటి పెద్దాయన మా వాకిట్లోకి వచ్చి, చెప్పులు విడవకుండానే అడిగాడు.

"ఏమ్మా, సంతకం పెట్టనీకి వస్తాదా?"

"వస్తాదన్నా. పదో తరగతి దాకా చదివినా."

"అంతే పని. మిగతాది మేం జూసుకుంటాం."

సరేనన్నాను. సంతకమే కదా అనుకున్నాను. పోటీ లేకుండానే సర్పంచినయ్యాను. నాకంటే వదిన ఎక్కువ సంబరపడింది. ఆ పూట గోడ మీదికి బెల్లం ఓళిగలు వచ్చాయి, పైన నెయ్యి కూడా వేసి. "ఇంగ మన మనిషే కుర్చీలో కుచ్చునింది. పైనోళ్ళకు మూడినట్లే" అని వీధంతా చెప్పుకుంటూ తిరిగింది.

మొదటి ఏళ్ళు ఏమీ మారలేదు. పంచాయతీ ఖాతాలో పైసా ఉండేది కాదు. వస్తుందన్నది దారిలో ఎక్కడో ఆగిపోయేది. "దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, అట్లుండాది మన బతుకు" అనేది వదిన. నేను సర్పంచిని అయ్యుండి కూడా కొళాయి దగ్గర బిందె పెట్టుకుని అందరితో పాటు పైనోళ్ళను తిట్టేదాన్ని. "సర్పంచివి నువ్వే గదమ్మే, నిన్ను నువ్వే తిట్టుకుంటాండావా?" అని ఎవరన్నా ఎగతాళి చేస్తే, "నాదేముందబ్బా, పైనోళ్ళు ఇయ్యల్ల గదా!" అనేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే సర్పంచిగా నేను సుఖంగా ఉన్నది ఆ చేతకాని రోజుల్లోనే.

తర్వాత ఒక ఏడు నిధులు వచ్చాయి. మా పంచాయతీ సెక్రటరీ కల్లూరు మనిషి, నడివయసువాడు, రోజూ మోటారు సైకిలు మీద వచ్చిపోతాడు. నెమ్మదస్తుడు. గ్రామ సచివాలయంలో నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"ఈసారి దుడ్లు నేరుగా మన పంచాయతీ ఖాతాలోనే పడినాయమ్మా. ఏ పనికి వాడల్లనో మన గ్రామసభే తేల్చల్ల. పైన ఎవర్నీ అడిగే పని ల్యా."

"ఎవర్నీ అడగొద్దా?"

"అడగొద్దు. మీరే చెప్పల్ల."

ఆ మాట నాకు సంతోషం కలిగించలేదు.

బడి వరండాలో గ్రామసభ పెట్టాం. తప్పెట కొట్టి చాటించాం కనుక జనం బాగానే వచ్చారు. సెక్రటరీ చెప్పిందే మూడు రకాలుగా చెప్పాడు. ఎవరికీ ఎక్కలేదు. ముందు కూర్చున్న ఒక ముసలాయన అడిగాడు.

"అది సరేనప్పా, ఇంతకూ ఎవర్నడగల్ల?"

"ఎవర్నీ అడగొద్దు పెద్దాయనా."

"అడక్కుంటే ఎట్లిస్తారు? అడగందే అమ్మయినా పెట్టదు."

నిజమే మరి. మా ఊరివాళ్ళకు తాతల కాలం నుంచి వచ్చిన విద్య అర్జీ రాయడం. పంట పోతే అర్జీ, పింఛను ఆగితే అర్జీ, కరెంటు స్తంభం ఒరిగితే అర్జీ. మొక్కు తీర్చుకోవడానికి మహానంది పోయినట్టు, అర్జీలు తీసుకునే సోమవారం వచ్చిందంటే తలకు నూనె రాసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, కర్నూలు పోయి కలెక్టరు పెద్దాఫీసులో అర్జీ ఇచ్చి వస్తారు. పని అవుతుందా లేదా అన్నది తర్వాత. ఇచ్చి వచ్చామన్న తృప్తి వేరు. అందుకని సభ అయ్యేసరికి మావాళ్ళు రాసిన తీర్మానం కూడా అర్జీలాగే వచ్చింది. 'గౌరవనీయులైన పై అధికారుల వారికి మా గ్రామ ప్రజలు చేసుకొను విన్నపము, తమరు మా యందు దయ ఉంచి...' అని మొదలుపెట్టి, మా నిధులు మాకు ఇప్పించమని మేమే వేడుకున్నాం. ఊరంతా సంతకాలూ వేలిముద్రలూ వేసింది. కింద నేనూ గొప్పగా పెట్టాను.

మండలాఫీసు నుంచి ఫోను వచ్చింది. అవతల ఎవరో నవ్వు ఆపుకుంటున్నారు. "ఏందమ్మా ఇది? మీ దుడ్లు మీకే ఇప్పించమని మమ్మల్ని అడుగుతాండారు! పని పేరు రాసి మళ్ళీ పంపండి." కాగితం తిరిగి వచ్చింది. మా ఊళ్ళో ఎవరికీ నవ్వు రాలేదు. తిరిగి వచ్చిందంటే కాదన్నారనే అర్థం చేసుకున్నారు. వదినకైతే ఆ వారమంతా పండగే. "సూస్తిరా? సంతకాలన్నీ పెట్టి పంపితే తిప్పి కొట్నారు పైనోళ్ళు" అని కొళాయి దగ్గర దుమ్ము దులిపేసింది. నేనూ నవ్వాను. అట్లా ఆమె పక్కన కూర్చుని నవ్వింది అదే ఆఖరు.

రెండోసారి సభ పెట్టే ముందు సెక్రటరీ ఇంటింటికీ తిరిగి నచ్చజెప్పాడు. వచ్చిన నిధులు ఒక్క పైపులైనుకు సరిపోతాయి. అది మా వీధికి వేయాలి, లేదంటే మిట్ట వీధికి. మా వీధి లైను పాతది, పగుళ్ళు పడింది, వచ్చే నీళ్ళు కూడా ఉప్పగా వస్తాయి. మిట్ట వీధికి అసలు లైనే లేదు. అక్కడుండేది కూలి పనులకు పోయేవాళ్ళు. ఆ ఆడవాళ్ళు పనినుంచి తిరిగి వచ్చి బిందెలతో మిట్ట దిగేసరికి మా కొళాయి ఆగిపోయి ఉండేది. ఉంటే ఉన్నంత పట్టుకుని, లేకపోతే ఖాళీ బిందెతో మిట్ట ఎక్కేవాళ్ళు. వాళ్ళు మాతో కలిసి పైనోళ్ళను తిట్టడం నేనెప్పుడూ వినలేదు. వాళ్ళకు బహుశా మేమే పైనోళ్ళమేమో.

వదినకు మోకాళ్ళ నొప్పులు. బిందె ఎత్తుకుంటే మధ్యలో రెండు చోట్ల దించుకుని వచ్చేది. వాకిట్లో ఒక కొళాయి ఉంటే చాలు, ఇంకేమీ అడగనని చాలా కాలంగా అనేది. పైపు సంగతి చెవిన పడగానే ఆమె వాకిలి పక్కన నేల చదును చేయించి, బిందె పెట్టుకోవడానికి ఒక నాపరాయి కూడా వేయించింది. సభ ముందు రోజు గోడ దగ్గరికి వచ్చి అడిగింది.

"మన వీధికే గదమ్మే?"

"సభలో సూద్దాం వదినా" అన్నాను.

ఆటపట్టిస్తున్నాననుకుంది. నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

సభలో చేతులెత్తమంటే సగం సగం అయింది. లెక్క తేలలేదు. మళ్ళీ ఎత్తమన్నారు, కొందరు రెండు వైపులా ఎత్తారు. అరుపులయ్యాయి. చివరకు నన్ను సర్పంచిని చేసిన పెద్దాయనే లేచి, "ఇంగ సర్పంచమ్మే చెప్పల్ల. ఆయమ్మ మాటే మాట" అని కూర్చున్నాడు. మిగతాది మేం చూసుకుంటామన్న మనిషే ఆయన. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

సెక్రటరీ నా వైపు వంగి మెల్లగా చెప్పాడు. "మిట్ట వీధికే అని పైనుంచి చెప్పినారని చెప్పండమ్మా. ఎవరూ ఏమీ అనరు." ఆయన్ను తప్పు పట్టను. ఉద్యోగమంతా ఆ ఒక్క మాటే ఆయన్ను కాపాడుతూ వచ్చింది. పైగా నా మేలు కోరే చెప్పాడు. ఆ అబద్ధం ఆడి ఉంటే మర్నాడు నేనూ వదినా కొళాయి దగ్గర కూర్చుని, మన వీధికి రానీయలేదని పైనోళ్ళను దుమ్మెత్తి పోసేవాళ్ళం. గిన్నెలు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి.

వదిన ముందు వరుసలో మోకాలు చాపుకుని కూర్చుంది. నన్ను చూసి చిన్నగా నవ్వింది. నాకు మాత్రం ఉన్నట్టుండి కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. పైన, పైన అంటూ పుట్టిన దగ్గర్నుంచి విన్నాను. ఒక్కసారి, ఒక్క పనికి, పైన ఎవరూ లేరు. ఆ ఒక్కసారి కూడా లేనివాళ్ళను నేనే పుట్టించి వాళ్ళ వెనక దాక్కోవాలా అనిపించింది.

"మిట్ట వీధికి" అన్నాను. "పైనోళ్ళెవరూ చెప్పల్యా. నేనే చెప్తాండా."

వదిన లేచింది. లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. చెంగు నడుముకు దోపుకుని, నావైపు చూడకుండా బడి మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఊళ్ళో ప్రతివాడికీ ఒక తిట్టు దాచిపెట్టుకునే మనిషి, నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

గోడ మీద రాయి ఆ రోజు నుంచి ఖాళీ. మొదట్లో నేనే రెండుసార్లు గిన్నె పెట్టాను. ఒకసారి ఉగ్గాని, ఇంకోసారి జొన్నరొట్టెల్లోకి శెనక్కాయలు నూరిన ఊరిమిండి. పొద్దు గుంకేదాకా అట్లాగే ఉంటే తీసుకొచ్చి నేనే తిన్నాను. చల్లబడిన ఉగ్గాని ఒక్కదాన్నే తింటుంటే ఏడుపు వచ్చింది. ఆమె గిన్నెలు నా ఇంట్లో, నా గిన్నెలు ఆమె ఇంట్లో ఉండిపోయాయి. పోనీ ఆమెవి ఆమెకు ఇచ్చేద్దామన్నా, ఏవి ఎవరివో తెలిస్తే కదా.

కొళాయి దగ్గరికి వెళితే అందరూ మాటలు ఆపేసేవారు. వదిన బిందె వరుసలోనే ఉండేది, వదిన మాత్రం మొహం అటు తిప్పుకుని కూర్చునేది. ఎవరో ఒకరు లేచి, "మీరు ముందు పట్టుకోండి మేడమ్" అనేవారు. నిన్నటిదాకా 'అక్కా', 'ఏమ్మే' అన్న నోళ్ళే అవి. వద్దన్నా వినేవారు కాదు, బిందెలన్నీ పక్కకు జరిపి దారి ఇచ్చేవారు. ఒక్క నిమిషంలో నా బిందె నిండిపోయేది. ఇంటికి వచ్చాక ఇంకా బోలెడు పొద్దు మిగిలి ఉండేది. ఆ పొద్దును ఏం చేసుకోవాలో నాకు తెలిసేది కాదు. వరుసలో చివర నిలబడటం అంత పెద్ద భోగమని ముందు నిలబెడితే తప్ప తెలియదు.

కుట్టుమిషను దగ్గర కూడా అంతే. ఇదివరకు జాకెట్టు కొలతలకని వచ్చి ఆడవాళ్ళు సగం పూట కూర్చునేవారు. ఇప్పుడు గడప అవతలే నిలబడి, పని చెప్పి వెళ్ళిపోతారు. వీధి దీపం వెలగలేదన్నా నేనే, మురికి కాలువ పొంగిందన్నా నేనే, ఎవరి కుక్క ఎవర్ని కరిచినా నేనే. ఏది అడిగినా 'పైనోళ్ళు' అని తప్పించుకునే దారిని ఆ రోజు నా నోటితో నేనే మూసేశాను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని వెనకాల అనుకుంటున్నారని తెలుసు. కూతురు ఫోను చేసి, "మా ఇంటికి వచ్చేయమ్మా, నాలుగు దినాలు ఉండిపో" అంటుంది. వెళితే కల్లూరులో నన్ను ఎవరూ మేడమ్ అనరు. అయినా వెళ్ళలేదు. ఇక్కడ గోడ అవతల రోలు చప్పుడన్నా వినిపిస్తుంది.

మిట్ట వీధి పని అయిపోయింది. నీళ్ళు వదిలే రోజు రమ్మన్నారని వెళ్ళాను. అక్కడ పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. మొహాలన్నీ పైనోళ్ళవే, చిన్నా పెద్దా అన్ని సైజుల్లో. కొళాయికి పసుపు రాసి, దండ వేసి, టెంకాయ కొట్టారు. నీళ్ళు ఎగజిమ్మితే ఆడవాళ్ళు మొహాలు తడుపుకున్నారు. ఒక ముసలామె రెండు చేతులూ ఫ్లెక్సీ వైపు ఎత్తి, "ఆ పైనోళ్ళు సల్లగుండల్ల" అని దండం పెట్టింది. నేను పక్కనే ఉన్నాను. నా ఫోటో లేదని బాధపడలేదు అని రాస్తే అది అబద్ధం. కొంచెం బాధపడ్డాను. తిట్లు కిందికి దిగి నా గడప దాకా వచ్చాయి, దండం మాత్రం ఇంకా పైనే ఆగిపోయింది. అయినా ఆ ముసలామె బిందె నిండుతున్న చప్పుడు మాత్రం బాగుంది. దాన్ని విని ఇంటికి వచ్చాను. వచ్చి ఆ చప్పుడు గురించి చెప్పడానికి ఎవరూ లేక మిషను ముందు కూర్చున్నాను.

ఆ ఎండాకాలం నాకు జ్వరం తగిలింది. వారం పాటు లేవలేదు. మగత నిద్రలో గోడ మీద గిన్నె పెట్టిన చప్పుడు వినిపించినట్టయితే, గోడలు పట్టుకుని లేచి వెళ్ళి చూశాను. ఏమీ లేదు. ఎండ మాత్రం ఉంది రాయి మీద.

ఒక సోమవారం పొద్దున కిటికీలోంచి చూస్తే వదిన కొత్త చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకుని షేర్ ఆటో ఎక్కుతోంది. "యాడికి పోతాండావు వదినా?" అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. అయినా అడగాల్సిన పనేముంది? సోమవారం, కొత్త చీర, చేతిలో కవరు. మా ఊళ్ళో చంటిపిల్లను అడిగినా చెబుతుంది. సాయంత్రం తిరిగి వచ్చినప్పుడు ఆమె మొహంలో అర్జీ ఇచ్చి వచ్చినవాళ్ళకుండే ఆ వెలుగు ఉంది.

కొన్నాళ్ళకు సెక్రటరీ ఒక కాగితం పట్టుకుని మా ఇంటికే వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మా, ఇది పైనుంచి వచ్చింది. మీ పక్కింటామె అర్జీ."

చదివాను. సర్పంచి మా వీధికి అన్యాయం చేసింది, ఆమె మీద విచారణ జరిపి న్యాయం చేయండి, అని ఉంది. ఎవరి చేతనో రాయించింది. కింద వంకరటింకరగా ఆమె సంతకం. దాని పక్కనే ఇంకో చేతి రాత: తాగునీరు పంచాయతీ పరిధిలోని విషయం కనుక సర్పంచ్ గారు విచారించి పరిష్కరించవలెను. నా మీద ఇచ్చిన అర్జీ తిరిగి తిరిగి నా చేతికే వచ్చింది. మొదట నవ్వొచ్చింది. ఈ సంగతి చెప్పుకుంటే పడీ పడీ నవ్వే మనిషి ఒక్కతే, అర్జీ పెట్టిందీ ఆమే. దాంతో నవ్వు ఆగిపోయింది.

"అర్జీ ఇచ్చినామె ఇంటికి పోయి, ఆమె చెప్పేది రాసుకుని, సంతకం తీసుకోవల్ల. ఈడ, 'విచారణ ముగిసింది' అన్న గడిలో టిక్కు కొట్టల్ల" అన్నాడు సెక్రటరీ. తర్వాత గొంతు తగ్గించి, "మీకు ఇబ్బందయితే నేను పోయొస్తాలెండి" అన్నాడు.

"నేనే పోతా" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళాను. పక్కిల్లే. కానీ గోడ మీదుగా కాకుండా వీధిలోంచి చుట్టి, వాకిలి వైపు వెళ్ళాను, ఆఫీసు పని కదా. తలుపు తీసే ఉంది. వదిన నడవలో కూర్చుని కందిపప్పు చెరుగుతోంది. పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. నన్ను చూసి చేట ఆపింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. నా చేతిలో కాగితం వైపు చూసింది.

"ఏందది?"

"నీ అర్జీ."

"అది నేను కర్నూల్లో ఇచ్చినా గదా. నీ కాడికెట్ల వచ్చె?"

"ఈడికే వస్తాది వదినా. ఇంగ అన్నీ ఈడికే వస్తాయి."

కాసేపు ఆమెకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

"అంటే నీ మీద నేను నీకే చెప్పుకోవల్లనా?"

"అవును. నువ్వు చెప్పు, నేను రాసుకోవల్ల."

వాకిలి పక్కన, కొళాయి కోసమని ఆమె వేయించిన నాపరాయి అట్లాగే ఉంది. కడిగి ముగ్గు కూడా వేసింది. దాని మీద కూర్చుని పెన్ను తీశాను. వదిన గొంతు సవరించుకుని, పెద్దాఫీసులో చెప్పినట్టే మొదలుపెట్టింది. "మా వీధి లైను పాతది. నీళ్ళు ఉప్పగా వస్తాయి. నాకు మోకాలు నొప్పులు. సర్పంచి గారు..." అక్కడ ఆగింది. చేట పక్కన పెట్టింది.

"ఏం సర్పంచి గారే? నీ బొంద సర్పంచి గారు! ముందు దినం ఆ గోడకాడ నేనడిగితే ఒక్క మాట చెప్పింటే నీ సొమ్మేం పోయిండె? 'వదినా, ఈతూరికి మనకు గాదు, మిట్టోళ్ళకు' అనింటే నేను వద్దంటినా? ఆ ఆడోళ్ళు ఉత్త బిందెలు మోసుకుని పోయేది నాకు కండ్లు లేవా? నేను మనిషిని గాదా? పిచ్చిదాని మాదిరి నేల సదును జేసి, రాయేసి, ఊరందరికీ చెప్పుకుంటి. నలుగుర్లో ముందర కుచ్చోబెట్టి నా మొగాన కొడితివి గదే!"

రాయడం ఆపేశాను. ఆమె ఆపలేదు. నా తెలివి గురించి, నా పదో తరగతి గురించి, నేను కుట్టిన జాకెట్ల చంకల గురించి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టినవాళ్ళ గురించి వరసగా తిట్టుకుంటూ వచ్చింది. ఏ ఇంజనీరునూ ఏ మంత్రినీ అంత బాగా తిట్టగా నేను వినలేదు. తిట్టే ప్రతి తిట్టులోనూ 'నువ్వు' అంది. ఒక్కసారి కూడా మేడమ్ అనలేదు. నేను తల వంచుకుని వింటూ ఉన్నాను. చాలా రోజులుగా ఎండిపోయిన నాలుక తడిసినట్టయింది.

చివరకు ఆమె గొంతు బొంగురుపోయింది.

"పైనోళ్ళు జేసింటే వాళ్ళను తిట్టుకునిందును. నువ్వు జేస్తివి. నిన్ను తిట్టుకోనీకి నేనెవరి కాడికి పోవల్ల? ఎవర్ని తిట్టుకోవల్లన్నా నీ కాడికే గదా నేనొచ్చేది!" అని చెంగుతో మొహం తుడుచుకుంది.

నేనూ తుడుచుకున్నాను. కాగితం మీద నేను రాసుకున్నది 'లైను పాతది, నీళ్ళు ఉప్పగా' అన్న ముక్క ఒక్కటే. వచ్చే ఏడు నిధులొస్తే మన వీధి సంగతి చూద్దామని చెప్పాలనుకున్నాను. కానీ అది అడగడానికి కాదు ఆమె కర్నూలు దాకా వెళ్ళింది.

"ఇంగేమన్నా ఉండాదా వదినా?" అని అడిగాను.

ఆమె చేట మళ్ళీ చేతిలోకి తీసుకుంది. నా మొహం చూడకుండా రెండు మూడుసార్లు చెరిగింది.

"ఉండాది. శానా ఉండాది" అంది. "పొయ్యి మీద పప్పు మాడిపోతాంది. రేపు రా."

'విచారణ ముగిసింది' అన్న గడిని అట్లాగే ఖాళీగా వదిలేసి, కాగితం మడిచి ఇంటికి వచ్చాను.